వేడికి బరువు ఉంటుందా?

"ద్రవ్యరాశి కలిగి, కొంత చోటును ఆక్రమించేదే పదార్థం." ఏడో తరగతి పిల్లలందరికీ ఈ వాక్యం నోటికి వచ్చు. సాయంత్రం మా వరండాలో కూర్చునే పిల్లలు దీన్ని గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతారు. గాలి పదార్థమా? అవును. పొగ? అవును. వెలుతురు? కాదు. అక్కడిదాకా అందరిదీ ఒకటే మాట. పోయిన చలికాలంలో ఒక అమ్మాయి మాత్రం అక్కడ ఆగలేదు. "టీచర్, మరి వేడికి బరువు ఉంటుందా? గిన్నెను పొయ్యి మీద పెడితే లోపలికి ఏదో వెళ్తోంది కదా, బరువు పెరగాలి కదా?" అని అడిగింది.

నేను హైదరాబాద్‌లోని కుషాయిగూడలో ఉంటాను. చాలా ఏళ్లు బడిలో సైన్సు చెప్పాను, ఇప్పుడు మా కాలనీ పిల్లలకు సాయంత్రాలు చెబుతున్నాను. పిల్లలు అడిగిన ప్రశ్నల్లో దీనికి సాటి వచ్చేవి బహు తక్కువ. "వేడి ఒక శక్తి రూపం, పదార్థం కాదు, రాసుకోండి" అని పేజీ తిప్పేయడం చాలా తేలిక. అలా తిప్పకూడదని నా గట్టి నమ్మకం. పదార్థం, మూలకాలు, ఉష్ణ ప్రసారం పుస్తకంలో మూడు వేర్వేరు పాఠాలు. ఒకదాని పరీక్ష అయిపోయాక రెండోది మొదలవుతుంది, మొదటిది మరుపున పడుతుంది. ఈ ఒక్క ప్రశ్నను వదలకుండా పట్టుకుంటే మూడూ ఒకదాని వెంట ఒకటి వాటంతట అవే వస్తాయి.

ఆ అమ్మాయికి మొదట చెప్పింది ఇదీ: ఈ అనుమానం నీకంటే ముందు చాలా పెద్దవాళ్లకు వచ్చింది. ఆధునిక రసాయనశాస్త్రానికి పునాది వేసిన ఫ్రెంచి శాస్త్రవేత్త లావోసియే 1789లో ప్రచురించిన గ్రంథంలో మూలకాల పట్టిక ఒకటి ఇచ్చాడు. అందులో 33 పేర్లున్నాయి. ఆక్సిజన్, హైడ్రోజన్, గంధకం, భాస్వరం, బంగారం, వెండి, రాగి, ఇనుము, పాదరసం ఉన్నాయి. వీటన్నిటికంటే పైన, మొదటి వరుసల్లోనే, కాంతి, వేడి కూడా ఉన్నాయి. వేడికి ఆయన వాడిన పేరు కెలోరిక్. అది కంటికి కనిపించని పలుచని ద్రవమనీ, వేడి వస్తువులోంచి చల్లటి వస్తువులోకి పారుతుందనీ అప్పటి అభిప్రాయం.

అది తెలివితక్కువ ఆలోచన కాదని పిల్లలకు ముందే చెప్పాను. వేడి నిజంగానే ఒకచోట తగ్గి మరోచోట పెరుగుతుంది. ఇనుప కడ్డీని కాలిస్తే కొద్దిగా పొడవు పెరుగుతుంది, లోపల ఏదో చేరింది కాబట్టే పెరిగిందని ఎవరికైనా తోస్తుంది. కానీ అది పదార్థమే అయితే తూగాలి. పాఠం మొదటి వాక్యమే ఆ షరతు పెట్టింది. కాబట్టి వాదన పక్కన పెట్టి తూకం తెచ్చాం.

వంటింట్లో పిండి తూచుకునే చిన్న ఎలక్ట్రానిక్ తూకం అది, గ్రాము వరకు చూపిస్తుంది. స్టీలు గ్లాసును దాని మీద పెట్టి, అంకెను సున్నాకు తెచ్చి, బాగా కాగిన నీళ్లు 250 గ్రాములు పోశాం. నీళ్లు పోయడం, గ్లాసు పట్టుకోవడం నా పని. తూకం చూడటం, పుస్తకంలో రాయడం వాళ్ల పని. థర్మామీటరు 90 చూపించింది. గ్లాసును వరండాలోని గ్రానైట్ గట్టు మీద పెట్టి లెక్కల హోంవర్కు మొదలుపెట్టించాను. నీళ్లు 30 డిగ్రీలకు దిగాక అదే గ్లాసును మళ్లీ తూకం మీద పెట్టాం. అంకె 243 దగ్గర ఆగింది.

ఇక గోలే గోల. వేడి పోయింది, ఏడు గ్రాములు తగ్గింది, కాబట్టి వేడికి బరువుంది! ప్రశ్న అడిగిన అమ్మాయి ముఖం వెలిగిపోయింది. నేను ఏమీ అనలేదు. జవాబు పెద్దవాళ్ల నోటి నుంచి ముందే వస్తే పిల్లల ఆలోచన అక్కడితో ముగిసిపోతుంది. పైగా వాళ్ల తర్కంలో తప్పు పట్టడానికి చోటు లేదు. చూసిందే రాశారు, రాసిన దాని నుంచే తేల్చారు. చాలాసేపటికి, ఎప్పుడూ గోడకు ఆనుకుని మౌనంగా కూర్చునే ఎనిమిదో తరగతి అబ్బాయి ఒక్క మాట అన్నాడు: "ఆవిరో?" అందరూ అతని వైపు తిరిగారు. నీళ్లు పోసినప్పుడు గ్లాసు మీద లేచిన పొగ అందరూ చూసిందే. దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

మర్నాడు మూత గట్టిగా బిగిసే స్టీలు సీసాతో మొదలుపెట్టాం. అంతే నీళ్లు, అంతే వేడి, ఈసారి మూతతో సహా తూచాం. చల్లారాక తూచితే మొదటి అంకే వచ్చింది. ఒక్క గ్రాము తేడా లేదు. మూత విప్పి తిరగేస్తే లోపలి వైపంతా సన్నటి నీటి చుక్కలు. పిల్లలు ఒకరి తర్వాత ఒకరు ఆ మూతను తీసుకుని వేలితో తడిమి చూశారు. నిన్న గాలిలో కలిసిపోయినది ఇవాళ మూతకు అంటుకుని ఉంది. సీసాలోంచి వేడి మొత్తం బయటికి పోయింది, పదార్థం మాత్రం ఎక్కడికీ పోలేదు. ఈ రెండు ముక్కలను పిల్లలే విడదీశారు. తర్వాత పాఠమంతా దీని మీదే నడిచింది.

ఇదే సంగతిని రెండు శతాబ్దాల కిందట కౌంట్ రంఫర్డ్ అనే శాస్త్రవేత్త ఎంతో ఓపికగా పరీక్షించాడు. ఆయన మ్యూనిక్‌లో ఫిరంగుల తయారీ చూసుకునేవాడు. గొట్టం లోపల రంధ్రం తొలుస్తుంటే లోహం చెయ్యి పెట్టలేనంతగా కాలడం గమనించాడు. ఫిరంగిని నీళ్లలో ఉంచి, గుర్రాలతో యంత్రం తిప్పించి తొలిపిస్తే రెండున్నర గంటలకు ఆ నీళ్లు మరిగాయి. కింద నిప్పు లేదు. తొలుస్తున్నంతసేపూ వేడి వస్తూనే ఉంది. లోహంలో దాగి ఉన్న ద్రవమైతే ఎప్పుడో ఒకప్పుడు అయిపోవాలి, అయిపోలేదు. వేడి అనేది ఒక రకమైన కదలికే అయి ఉండాలని ఆయన 1798లో ప్రకటించాడు. ఆ మరుసటి సంవత్సరం, నీరు గడ్డకట్టినప్పుడు బరువు మారుతుందేమోనని అతి సున్నితమైన త్రాసుతో తూచి, మారడం లేదని కూడా తేల్చాడు. 1840లలో జౌల్ అనే శాస్త్రవేత్త ఎంత పని చేస్తే ఎంత వేడి పుడుతుందో కొలిచాక కెలోరిక్‌కు నిలవడానికి చోటు లేకపోయింది. లావోసియే ఈ మార్పు చూడలేదు. విప్లవకాలంలో, 1794లో, ఆయనకు మరణశిక్ష అమలు చేశారు.

పెద్ద తరగతుల పిల్లల దగ్గర ఒక విషయం దాచకూడదు. శక్తికీ ద్రవ్యరాశికీ సంబంధం ఉందని ఐన్‌స్టీన్ 1905లో చూపించాడు. ఆ సూత్రం ప్రకారం 250 గ్రాముల నీళ్లు 60 డిగ్రీలు చల్లబడితే తగ్గే ద్రవ్యరాశి ఒక గ్రాములో వంద కోట్లవ వంతు కూడా ఉండదు. మా తూకానికే కాదు, ప్రయోగశాలలోని త్రాసుకూ అది అందదు. కానీ అది సున్నా మాత్రం కాదు. ఏడో తరగతిలో "ఉండదు" అని చెప్పి, పన్నెండో తరగతిలో "అతి స్వల్పంగా ఉంటుంది" అని చెప్పాల్సి వచ్చే ప్రశ్న అది. అడిగిన అమ్మాయి ఆ తేడాను అర్థం చేసుకునే రోజు కోసం నేను ఎదురుచూస్తున్నాను.

ఇప్పుడు మళ్లీ మొదటి గ్లాసు దగ్గరికి రావాలి. ఆ ఏడు గ్రాములతో పని ఇంకా ఉంది. ఒక గ్రాము నీరు ఒక డిగ్రీ చల్లబడాలంటే ఒక కేలరీ వేడి పోవాలి. 250 గ్రాములు 60 డిగ్రీలు దిగాయి, అంటే 15,000 కేలరీలు. ఒక గ్రాము నీరు ఆవిరి కావాలంటే, మరుగుతున్న నీటికే 540 కేలరీలు కావాలి. అంతకంటే చల్లగా ఉన్న నీటికి ఇంకొంచెం ఎక్కువే. గ్రాముకు 550 చొప్పున వేసుకున్నా ఏడు గ్రాములకు 3,850. గ్లాసులోని నీళ్లలో నూటికి మూడు పాళ్లు కూడా లేని ఆవిరి, పోయిన వేడిలో దాదాపు నాలుగో వంతును తన వెంట తీసుకుపోయింది. ఈ లెక్క పిల్లలు నల్లబల్ల మీద చేస్తుంటే చూడాలి. ఎప్పుడూ గుణకారాలంటే విసుక్కునే వాళ్లు కూడా రెండుసార్లు సరిచూసుకున్నారు.

మట్టి కుండ చల్లదనం రహస్యం కూడా ఇదే. కుండ సన్నటి రంధ్రాల్లోంచి ఊరిన నీరు ఆవిరవుతూ లోపలి నీటి వేడిని లాక్కుంటుంది. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్ గాలి పొడిగా ఉంటుంది కాబట్టి ఇక్కడ కుండా, కూలరూ రెండూ చక్కగా పనిచేస్తాయి. కాకినాడలోనో మచిలీపట్నంలోనో ఉన్న బంధువులు మన ఇంటి కూలర్ చూసి ముచ్చటపడి కొనుక్కుంటే వాళ్లకు ఉక్కపోతే మిగులుతుంది. సముద్రపు గాలిలో ముందే తేమ నిండి ఉంటే ఇంకా ఆవిరికి చోటెక్కడ? ఇక్కడైనా జులై వచ్చిందంటే కూలర్‌తో లాభం లేదు.

నాలుగో వంతు లెక్క తేలింది. మిగిలిన మూడు వంతుల వేడి ఏ దారిన పోయింది? ఉష్ణ ప్రసారం పాఠం ఇక్కడ మొదలుకావాలి. వహనం, సంవహనం, వికిరణం అనే మూడు పేర్లతో మొదలుపెడితే అవి పేర్లుగానే ఉండిపోతాయి. పోయిన వేడిని వెతుక్కుంటూ వెళ్తే ఒక్కొక్కటీ దొరుకుతుంది.

మొదటిది గట్టు దగ్గర దొరికింది. గ్లాసు తీసి ఆ చోట చెయ్యి పెడితే గ్రానైట్ వెచ్చగా ఉంది. స్టీలులోని కణాలు ఉన్నచోటే ఉండి కంపిస్తూ పక్కవాటిని కదిలిస్తాయి, అవి రాతి కణాలను కదిలిస్తాయి. స్లాబు వేసే రోజు కూలీలు వరుసగా నిలబడి కాంక్రీటు తట్టలు చేతులు మార్చడం ఈ పిల్లలందరూ చూసినదే. మనిషి కదలడు, తట్ట పైఅంతస్తుకు చేరుతుంది. అదీ వహనం.

వహనం దగ్గర ఒక చిక్కు ఉంది, దాన్ని తప్పకుండా విప్పాలి. డిసెంబరు ఉదయం స్టీలు గ్లాసు ముట్టుకుంటే జివ్వుమంటుంది, పక్కనే ఉన్న చెక్క పీట అంత చల్లగా అనిపించదు. ఏది ఎక్కువ చల్లగా ఉంది అని అడిగితే అందరూ గ్లాసే అంటారు. రాత్రంతా ఒకే గదిలో ఉన్న రెంటికీ థర్మామీటరు ఆనించి చూపించండి, ఒకటే అంకె వస్తుంది. చెయ్యి చెప్పేది వస్తువు ఉష్ణోగ్రత కాదు, చేతిలోంచి వేడి ఎంత వేగంగా జారిపోతోందో చెబుతుంది. ఉష్ణానికీ ఉష్ణోగ్రతకూ తేడా రాయమని పరీక్షలో అడుగుతారు. రెండు చేతులతో రెండు వస్తువులు పట్టుకున్న పిల్లవాడికి ఆ ప్రశ్న కష్టం కాదు.

అయితే లోహాలన్నీ ఒకే వేగంతో వేడిని మోసుకుపోవు. స్టెయిన్‌లెస్ స్టీలు కంటే రాగి దాదాపు పాతిక రెట్లు మెరుగు. అందుకే మన ఊళ్లో పెళ్లిళ్లకు బిర్యానీ వండే పెద్ద డేగిసాలు రాగివి. కట్టెల మంట ఒకవైపే పడినా వేడి అడుగంతా త్వరగా పరుచుకుంటుంది, ఒక్కచోటే మాడదు. కానీ రాగికి పులుపు పడదు. పెరుగు, నిమ్మరసం తగిలితే రాగి కరిగి వంటలో కలుస్తుంది, అది ఒంటికి మంచిది కాదు. అందుకని లోపల కళాయి వేయిస్తారు.

కళాయి వేయడం ఒకసారి దగ్గర నిలబడి చూస్తే మూలకాల పాఠం సగం అయిపోయినట్టే. ఒక ఆదివారం కొందరు పిల్లలను వెంటబెట్టుకుని వెళ్లి చూపించాను. కొలిమి మీద గిన్నెను బాగా కాల్చి, లోపల నవాసారం పొడి చల్లారు. గుప్పున తెల్లటి పొగ లేచింది. నవాసారం అంటే అమ్మోనియం క్లోరైడ్. వేడికి అది ద్రవంగా మారకుండానే అమ్మోనియా, హైడ్రోజన్ క్లోరైడ్ అనే రెండు వాయువులుగా విడిపోతుంది. ఆ రెండోది రాగి మీది నల్లటి ఆక్సైడ్ పొరను కడిగేస్తుంది. పైకి లేచి చల్లబడ్డాక రెండూ మళ్లీ కలిసి అమ్మోనియం క్లోరైడ్ అవుతాయి, మనకు కనిపించే తెల్లటి పొగ అదే. తర్వాత తగరపు కడ్డీని గిన్నెకు ఆనించగానే అది కరిగి జారింది. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది, రాగి కరగాలంటే 1,085 కావాలి. ఆ తేడా వల్లనే ఈ విద్య సాధ్యమైంది. కళాయి వేసే ఆయన దూది ఉండతో ఒక్క విసురులో తగరాన్ని గిన్నె లోపలంతా రుద్దారు. ఎర్రటి గిన్నె చూస్తుండగానే వెండిలా తెల్లబడింది. పిల్లల్లో ఒకడు, "రాగి మారిపోయిందా?" అని అడిగాడు. మారలేదు. దాని మీద తగరం పరుచుకుంది. రాగి రాగే, తగరం తగరమే.

మూలకం అంటే ఏమిటో చెప్పడానికి ఇంతకంటే మంచి చోటు నాకు తెలియదు. నవాసారాన్ని కాలిస్తే రెండుగా విడిపోయింది, కాబట్టి అది సమ్మేళనం. తగరాన్ని కాల్చినా కరిగించినా రుద్దినా తగరమే మిగిలింది. ఇక ఏ రసాయన పద్ధతిలోనూ విడగొట్టలేనిది మూలకం అని లావోసియే చెప్పిన నిర్వచనం ఇదే. ఆయన పట్టికలో వేడితో పాటు సున్నం కూడా ఉంది. అప్పటికి సున్నాన్ని విడగొట్టే సాధనం ఎవరి దగ్గరా లేదు, కాబట్టి తన నిర్వచనం ప్రకారం దాన్ని చేర్చక తప్పలేదు. అది ఏదో లోహపు ఆక్సైడ్ అయి ఉంటుందన్న అనుమానం మాత్రం ఆయనకు ఉండేది. 1808లో హంఫ్రీ డేవీ అనే శాస్త్రవేత్త విద్యుత్తు సాయంతో అందులోంచి కాల్షియాన్ని బయటికి తీశాడు. పట్టికలో చాలా పేర్లు ఇవాళ్టికీ నిలిచాయి, కొన్ని పోయాయి. నిర్వచనం మాత్రం బడి పుస్తకాల్లో నేటికీ ఉంది.

ఆ 1789వ సంవత్సరానికీ మా పేటకూ ఒక సంబంధం ఉంది. అదే ఏడాది బెర్లిన్‌లో క్లాప్రోత్ అనే రసాయనశాస్త్రవేత్త ఖనిజాలను పరీక్షిస్తూ యురేనియం, జిర్కోనియం అనే రెండు కొత్త మూలకాలను గుర్తించాడు. జిర్కోనియం ఆయనకు దొరికింది సింహళం నుంచి వెళ్లిన ఒక రత్నపు రాయిలో. ఇప్పుడు ఆ రెండు మూలకాలతోనూ రోజూ పనిచేసే సంస్థ మా ఇంటికి దగ్గర్లోనే ఉంది. 1971లో ఏర్పాటైన అణు ఇంధన సముదాయాన్ని మేమంతా ఎన్‌ఎఫ్‌సీ అంటాం. అక్కడ అణు రియాక్టర్లకు కావలసిన యురేనియం బిళ్లలూ, వాటిని పెట్టే జిర్కోనియం మిశ్రమలోహపు గొట్టాలూ తయారవుతాయి. గొట్టానికి జిర్కోనియమే ఎందుకు? రియాక్టర్‌లో అణువిచ్ఛిత్తిని కొనసాగించే కణాలైన న్యూట్రాన్లను అది దాదాపు మింగదు, వేడి నీటిలో త్వరగా తుప్పు పట్టదు, లోపల పుట్టిన వేడిని బయటి నీటికి అందిస్తుంది. ఇక్కడ కూడా జరిగేది వహనమే. చిక్కేమిటంటే, జిర్కోనియం ఖనిజంలో హాఫ్నియం అనే మరో మూలకం నూటికి ఒకటి నుంచి మూడు పాళ్లు దాగి ఉంటుంది. ఆవర్తన పట్టికలో ఒకటి 40, రెండోది 72, ఒకే నిలువు వరుసలో ఒకదాని కింద ఒకటి. రసాయన గుణాల్లో ఎంత దగ్గరంటే, 1923 దాకా హాఫ్నియం ఉందనే తెలియలేదు. అంటే 134 ఏళ్లు జిర్కోనియాన్ని చేతబట్టిన వాళ్లంతా తెలియకుండానే రెంటినీ పట్టుకున్నారు. న్యూట్రాన్ల విషయంలో మాత్రం రెండూ పూర్తిగా వేరు. హాఫ్నియం వాటిని కొన్ని వందల రెట్లు ఎక్కువగా మింగేస్తుంది. కాబట్టి రెంటినీ విడదీసి తీరాలి. ఈ పిల్లల్లో కొందరి తాతలు అక్కడ ఉద్యోగాలు చేసినవాళ్లే. ఆవర్తన పట్టికను గోడ మీద బొమ్మగా మాత్రమే చూసిన పిల్లలకు అందులోని 40వ గడి ఇంటి పక్కనే తయారవుతోందని చెప్పినప్పుడు ఆ పట్టికను చూసే చూపు మారింది.

ఇక గ్లాసులోని వేడి పోయిన రెండో దారి సంవహనం. దీని గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. గ్లాసుకు తగిలిన గాలి వేడెక్కి, తేలికై పైకి పోయింది, దాని చోటికి చల్లటి గాలి వచ్చింది. అగరువత్తి వెలిగించి గ్లాసు పక్కన పెడితే పొగ దారి చూపిస్తుంది. ఘనపదార్థంలో కణాలు చోటు వదలవు, ద్రవాల్లో, వాయువుల్లో వదులుతాయి. పదార్థపు మూడు స్థితుల పాఠం నేరుగా పనికొచ్చేది ఇక్కడే.

మూడో దారి వికిరణం. దానికి కణాలూ అక్కర్లేదు, మధ్యలో పదార్థమే అక్కర్లేదు. సూర్యుడికీ మనకూ మధ్య శూన్యం ఉన్నా వేడి ఎనిమిది నిమిషాల చిల్లరలో వచ్చి చేరుతుంది. ఆ వెలుగులో మూలకాల జాడ కూడా ఉంటుంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం మన ప్రాంతం మీదుగా వెళ్లింది, ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ అనే శాస్త్రవేత్త గుంటూరుకు వచ్చి దాన్ని పరిశీలించాడు. సూర్యుడి అంచున లేచే జ్వాలల కాంతిలో, ఆ సంవత్సరమే, తెలిసిన ఏ మూలకానికీ సరిపోని ఒక పసుపు గీత బయటపడింది. అది కొత్త మూలకానిదని ఇంగ్లండులో లాకియర్ అనే శాస్త్రవేత్త వాదించాడు. ఆ మూలకమే హీలియం. దాన్ని భూమి మీద రామ్‌సే అనే శాస్త్రవేత్త పట్టుకున్నది 1895లో. గుంటూరు పేరు వినగానే మా వరండాలో ఇద్దరు పిల్లలు నిటారుగా కూర్చున్నారు, అది వాళ్ల అమ్మమ్మగారి ఊరు.

వికిరణం సంగతి హైదరాబాద్ పిల్లలకు ఒంటితోనే తెలుసు. మే నెలలో పైఅంతస్తులో ఉండేవాళ్లను అడగండి. మధ్యాహ్నం ఎండ డాబా మీద పడుతుంది, ఆ వేడి కాంక్రీటు స్లాబును దాటి లోపలి కప్పుకు చేరేసరికి రాత్రి అవుతుంది. బయట గాలి చల్లబడ్డాక కూడా కప్పు మన మీదికి వేడిని వెదజల్లుతూనే ఉంటుంది. మౌలాలి గుట్ట పక్కన నడిచినా అంతే, పొద్దు గుంకాక కూడా ఆ బండలు చాలాసేపు వెచ్చగా ఉంటాయి. దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ అది. పగలు వేడెక్కి వ్యాకోచించడం, రాత్రి చల్లబడి సంకోచించడం వల్ల కూడా పైపొరలు వదులవుతాయి. కొన్ని బండల మీద పెచ్చులు లేచి ఉండటం పిల్లలకు చూపించాను.

డాబా మీద తెల్లటి సున్నం వేస్తే ఎండలో చాలా భాగం లోపలికి దిగకుండానే తిరిగి వెళ్లిపోతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల విధానం ప్రకటించింది, దాని మూలసూత్రం ఇంతకంటే వేరు కాదు. సిమెంటు ఇళ్లు ఇంత దగ్గర దగ్గరగా కట్టుకున్న ఊళ్లో ప్రతి బడి పైకప్పూ తెల్లగా ఉండాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటాను. ఈ వేసవికి మా డాబాలో సగానికి సున్నం వేయించి, సగం వదిలేసి, రెంటి మీదా పిల్లల చేత కొలిపిస్తాను.

చివరగా థర్మామీటరు గురించి. పిల్లల నోటుపుస్తకాల్లో నాకు బాధ కలిగించే పేజీ ఒకటుంది. నీటి మరుగు స్థానం కనుక్కోవడం. పరిశీలన అన్న చోట అందరూ 100 అని రాసి ఉంటారు. మా వరండాలో చేస్తే ఎర్ర గీత 98 దగ్గర ఆగిపోయింది. ఎంతసేపు మంట పెట్టినా కదలలేదు. వెంటనే ముగ్గురు రబ్బరు తీసుకుని 98ని చెరిపి 100 వేశారు. పుస్తకంలో 100 అని ఉంది కదా అన్నారు. పుస్తకం చెప్పేది సముద్రమట్టం దగ్గరి మాట. హైదరాబాద్ సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. ఎత్తుకు వెళ్లేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది, నీటి కణాలు తప్పించుకోవడం సులువవుతుంది, సుమారు 300 మీటర్లకు ఒక డిగ్రీ చొప్పున మరుగు స్థానం దిగుతుంది. కాబట్టి 98 తప్పు కాదు, మన ఊరి ఎత్తును ఒక గిన్నెడు నీళ్లతో కొలిచినట్టు. కుక్కర్‌లో దీనికి సరిగ్గా తలకిందుల పని జరుగుతుంది. ఒత్తిడి పెరిగి నీరు 120 డిగ్రీల దాకా ద్రవంగానే ఉంటుంది, అందుకే పప్పు త్వరగా ఉడుకుతుంది.

ఇంట్లో పిల్లలతో చేయించాలనుకునే తల్లిదండ్రులకు రెండు మాటలు. జ్వరం చూసే థర్మామీటరును మరిగే నీళ్లలో పెట్టకండి, అది 42 డిగ్రీల వరకే, పగిలిపోతుంది. ప్రయోగశాల సామాను అమ్మే దుకాణంలో 110 వరకు ఉండే ఎర్ర ద్రవం థర్మామీటరు అడగండి. పాదరసం ఉన్నది వద్దు, పగిలితే ఆ ఆవిరి విషం. కాగిన నీళ్లు పెద్దవాళ్లే పట్టుకోండి. థర్మామీటరు బుడ్డి గిన్నె అడుగుకు తగలకుండా నీళ్లలో వేలాడాలి. సెలవులకు హార్సిలీ కొండలకు వెళ్తే అక్కడా చూడండి, 96కు అటూ ఇటూగా వస్తుంది. విశాఖ తీరంలో 100 వస్తుంది. ఎంత వస్తే అంత రాయించి, అంకె పక్కన ఊరి పేరు కూడా రాయించండి.